సూరతు రేవున నీలిమందు

తెలుగు కవికి నీలము క్రొత్త రంగు కాదు. వానకారు మబ్బునందు, నల్లకలువయందు, నెమలి మెడయందు, యశోద బిడ్డని మేనియందు అతడు దానిని వేయిసారులు చూచినాడు. నీలాంబరము, నీలకంఠుడు, నీలవేణి, ఇంద్రనీలము అను మాటలు కావ్యములలో ఎంతగా వాడబడినవనగా, వానిని చదువునపుడు పాఠకునకు రంగు కనబడుటకంటె సంప్రదాయము వినబడుటయే అధికము. ఈ నీలములన్నియు ఆకసమునుండియో, నీటినుండియో, రత్నములనుండియో వచ్చినవి. మనుష్యుని చేతినుండి వచ్చిన నీలము మరియొకటి కలదు. అది నడుమెత్తు పెరుగు ఒక మొక్క ఆకులో పుట్టి, తొట్లలో పులిసి, ముద్దలుగా ఎండి, బండ్లపై రేవునకు చేరి, ఓడలెక్కి దేశదేశములు తిరిగినది. దాని చరిత్రలో గుజరాతునందలి సూరతు రేవునకు గల స్థానము చాల పెద్దది. ఆ చరిత్రను పరిశీలించినచో కావ్యములోని నీలమునకును తొట్టిలోని నీలికిని నడుమ గల దూరము ఎంతటిదో తెలియును. సాహిత్యము ఆ దూరమును ఎప్పుడు దాటినదో కూడ తెలియును.

నీలి మొక్కకు తెలుగున అవిరి యని మరియొక పేరు. వృక్షశాస్త్రజ్ఞులు దానిని ఇండిగోఫెరా టింక్టోరియా అందురు. చిక్కుడు కుటుంబమునకు చెందిన ఈ మొక్క ఆకు పచ్చనిది. పువ్వు గులాబి వన్నెది. నీలపు జాడ పైకెచ్చటను కానరాదు. ఆకులో దాగిన రంగును వెలికి రప్పించు విద్య ఈ దేశమున మిక్కిలి ప్రాచీనము. గ్రీకులు ఆ రంగును ‘ఇండికన్’ అనిరి. ఆ మాటకు హిందూదేశపు వస్తువు అని అర్థము. క్రీస్తు శకము మొదటి శతాబ్దినాటి పెరిప్లస్ అను నావికగ్రంథము సింధునదీ ముఖమునందలి రేవునుండి ఎగుమతి యగు సరకులలో దీనిని చేర్చినది. అదే శతాబ్దివాడైన రోమను పండితుడు ప్లినీ దీని మేలురకమును గుర్తించు ఉపాయమును కూడ వ్రాసినాడు: నిప్పుపై వేసినచో నికరమైన నీలి ఊదారంగు మంటతో మండునట. ఈజిప్టు దేశమున పాత కైరోయైన ఫుస్తాతు దిబ్బలలో దొరకిన గుజరాతు అద్దకపు నూలుగుడ్డలు నీలి రంగుతో నేటికిని మ్యూజియములలో నిలిచియున్నవి.

ఇంతటి ప్రసిద్ధి గల వస్తువును స్వదేశమునందలి శాస్త్రకారులు ఆదరింపలేదు. ఆపత్కాలమున వైశ్యవృత్తి నవలంబించు బ్రాహ్మణుడు అమ్మరాని వస్తువులలో మనుస్మృతి మద్యముతోను లక్కతోను పాటు నీలిని చేర్చినది. నీలి అద్దిన బట్ట వైదిక కర్మలకు పనికిరాదని ధర్మశాస్త్రములు చెప్పినవి. ఆకును కుళ్ళబెట్టి చేయు పని యగుటచే దానికి అశుచి అంటినదని ఊహింపవచ్చును. దేవుని మేని నీలము పూజనీయమైనది; అద్దకపువాని చేతి నీలము మైల యైనది. కావ్యములు ఈ వైరుధ్యము జోలికి అంతగా పోలేదు.

అయినను అలంకారికులు నీలి గుణమును చక్కగా ఎరిగినవారే. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున పూర్వరాగమును మూడు విధములుగా విభజించి, వానికి మూడు అద్దకపు రంగుల పేళ్ళు పెట్టినాడు. కుసుంభరాగము మెరయును గాని వెలిసిపోవును. మంజిష్ఠారాగము మెరయును, వెలియదు. నీలీరాగము పైకి అంతగా మెరయదు గాని మనసునుండి ఎన్నటికిని తొలగదు. సీతారాముల ప్రేమ ఈ చివరి దానికి ఉదాహరణము. ఈ విభాగము ఊహచే కల్పింపబడినది కాదు. అద్దకపువాని అనుభవమునుండి ఎరువు తెచ్చుకొన్నది. కుసుమపువ్వు రంగు ఉతుకులకు ఆగదు. మంజిష్ఠ వేరు ఎరుపు పటికతో చేరినచో గుడ్డను వదలదు. నీలికి పటికతో కూడ పనిలేదు. అది నూలుపోగులో తానుగా నిలుచును. పంచతంత్రమున మిత్రభేదమునందలి నక్క కథకు కూడ ఇదియే ఆధారము. నీలితొట్టిలో పడిన నక్క రాజుగా చెలామణి యగుటకు కారణము ఆ రంగు వానకును ఎండకును పోకుండుటయే. వెలిసిపోవు రంగైనచో ఆ కథయే లేదు. కాని ఆ తొట్టి ఎవరిది, నక్క పడుటచే పాడైన రంగునకు ఆ అద్దకపువాడు ఎంత నష్టపోయినాడు అను ప్రశ్న కథకు అక్కరలేకపోయినది.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకవలసిన చోట్లలో సూరతు ముఖ్యమైనది. తపతీనది సముద్రమున కలియు తావునకు కొంచెము ఎగువనున్న ఈ నగరమును క్రీ. శ. 1573లో అక్బరు జయించెను. అప్పటినుండి అది మొగలు సామ్రాజ్యమునకు ప్రధానమైన సముద్రద్వారమయ్యెను. మక్కాయాత్రికుల ఓడలు ఇచటినుండియే బయలుదేరెడివి. అరబ్బులు, పారసీకులు, తురకలు, అర్మీనియనులు, గుజరాతు వణిజులు ఇచట వర్తకము చేసిరి. పదునేడవ శతాబ్దిలో వీర్జీ వోరా వంటి సాహుకారులు ఐరోపా కంపెనీలకే అప్పులిచ్చిరి. 1608లో విలియం హాకిన్సు ‘హెక్టరు’ అను ఓడపై వచ్చి సూరతున దిగెను. 1612లో సమీపమునందలి సువాలీ రేవుకడ ఆంగ్లేయులు పోర్చుగీసు ఓడలను ఎదిరించి నిలిచిరి. 1613లో జహంగీరు ఫర్మానా పొంది వారు తమ కోఠీని స్థాపించిరి. కొలది యేండ్లలోనే డచ్చివారును వచ్చి చేరిరి. ఈ కోఠీలవారు తొలి దశాబ్దులలో ఆత్రముతో కొన్న సరకులలో నూలుగుడ్డ యొకటి, నీలిమందు మరియొకటి.

ఆ ఆత్రమునకు కారణము ఐరోపాలో కలదు. అచటి అద్దకపువారు అనాదిగా వోడ్ అను తమ దేశపు మొక్కనుండి నీలరంగును తీయుచుండిరి. అందలి రంగు పదార్థమును నీలిలోని రంగు పదార్థమును ఒక్కటే. కాని వోడ్ ఆకున అది చాల తక్కువ. హిందూదేశపు నీలి కొంచెమైనను గుడ్డకు చిక్కని రంగు నిచ్చెడిది. తమ పంట నాశనమగునని వోడ్ రైతులును వర్తకులును భయపడిరి. ప్రభుత్వములు వారి పక్షము వహించినవి. 1577లో జర్మను సామ్రాజ్యశాసన మొకటి దానిని దయ్యపు రంగని నిందించి నిషేధించెను. న్యూరెంబర్గు పట్టణమున నీలిని వాడమని అద్దకపువారు ప్రమాణము చేయవలసి వచ్చెను. ఫ్రాన్సున నాలుగవ హెన్రీ 1609లో దానిని వాడినవారికి మరణదండన విధించెను. నిషేధములు కాగితముల మీద నిలిచినవి. నీలి మూటలు ఓడలనుండి దిగుచునే యుండెను. తక్కువ చోటు పట్టి, ఎక్కువ వెల పలికి, నెలల తరబడి సముద్రప్రయాణమునకు చెడక నిలుచు సరకు వర్తకునకు దొరకుట అరుదు.

సూరతు పేర ఓడ యెక్కిన ఈ నీలి సూరతున పండినది కాదు. అది రెండు తావులనుండి వచ్చెడిది. అహమ్మదాబాదు చెంతనున్న సర్ఖేజు నీలి ఒకటి. ఆగ్రాకు పడమరనున్న బయానా నీలి రెండవది. సర్ఖేజు నీలి చదునైన బిళ్ళలుగా, బయానా నీలి గుండ్రని ముద్దలుగా ఉండెడివి. బయానాదే మేలైనది. పూర్వము అది లాహోరు మీదుగా భూమార్గమున పశ్చిమదేశములకు పోవుటచే ఐరోపావారు దానిని ‘లాహోరీ’ అని పిలిచిరి. ఆగ్రాలోని డచ్చి కోఠీ అధికారి ఫ్రాన్సిస్కో పెల్సార్టు 1626లో వ్రాసిన నివేదికలో దీని సేద్యమును వివరముగా వర్ణించినాడు. ఒకమారు విత్తినచో మూడు కోతలు వచ్చును. మొదటి కోతను నౌతీ, రెండవదానిని జియారీ, మూడవదానిని కటేల్ అనెడివారట. మూడింటిలో జియారీ ఉత్తమము. మూడవది కొరగానిది, మేలు సరకులో దానిని కలిపి అమ్ముదురేమో యని కొనువారికి భయము.

చేయు విధానము సులభముగా కనబడును గాని కన్నును చేతిని నమ్ముకొన్న విద్య అది. కోసిన కొమ్మలను కట్టలుగా తొట్టిలో పేర్చి నీరు నింపుదురు. కొన్ని జాములలో ఆకు పులియును. ఆకులోని ఇండికాన్ అను పదార్థము విడిపోయి, అందలి చక్కెర భాగము తొలగి, ఇండాక్సిల్ అను రంగులేని పదార్థము నీట కలియును. ఆ నీటిని రెండవ తొట్టిలోనికి వదలి గడియల కొలది చిలుకుదురు. గాలిలోని ప్రాణవాయువు సోకినకొలది పసుపుపచ్చని నీరు ఆకుపచ్చగా, ఆకుపచ్చ నీలముగా మారును, నీలినురుగు లేచును, రంగు అడుగున బురదవలె దిగును. చిలుకుట ఎప్పుడు ఆపవలెనో తెలియుటయే పనివాని నేర్పు. ముందుగా ఆపినచో రంగు నీటిలో పోవును. మించినచో సరకు నాసియగును. దిగిన బురదను వడగట్టి, ముద్దలు చేసి, ఎండబెట్టుదురు. ఇట్లు తయారైన నీలి నీట కరగదు. గుడ్డకు అద్దవలెనన్నచో సున్నము మొదలగు క్షారముతో మరల పులియబెట్టి, రంగులేని ద్రవముగా మార్చి, గుడ్డను ముంచి తీయవలెను. తీసినపుడు గుడ్డ పచ్చగా కనబడి, గాలిలో చూచుచుండగనే నీలమగును.

ఈ పని చేయువారి శరీరములపై నీలి వేసిన ముద్రను ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే తన యాత్రాగ్రంథమున వ్రాసినాడు. ఎండిన నీలిని జల్లించువారు కన్నులకు మాత్రము రంధ్రములు విడిచి ముఖమును గుడ్డతో కప్పుకొనెడివారు. అరగంట కొకమారు పాలు త్రాగెడివారు. అయినను ఎనిమిది పది దినములు ఆ పని చేసిన పిమ్మట కొంతకాలము వారి ఉమ్మియు నీలముగనే యుండెడిది. జల్లించు చోట ఉదయము ఒక గ్రుడ్డు నుంచి సాయంకాలము పగులగొట్టి చూడగా లోపలి భాగము నీలమై యుండుటను తాను పలుమారులు గమనించితినని అతడు చెప్పినాడు. పెంకును దాటి చొచ్చిన ఆ ధూళి మనుష్యుని ఊపిరితిత్తులలో ఏమి చేసియుండునో చెప్పుటకు వైద్యుడు అక్కరలేదు. అతడు గ్రుడ్డును గూర్చి ఆశ్చర్యపడినాడు. జల్లించిన వారిలో ఒక్కని పేరైనను అతని గ్రంథమున లేదు.

ఇది అతని ఒక్కని లోపము కాదు. సూరతు నీలిని గూర్చి నేడు లభించు వ్రాతలలో అధికభాగము కొన్నవారు వ్రాసినవే. కోఠీల లేఖలలో తూకములు, ధరలు, దళారుల మోసములు, ఓడల రాకపోకలు కలవు. వానిలో మాటిమాటికి వినవచ్చు ఫిర్యాదు ఇసుకను గూర్చినది. తడి ముద్దలను ఇసుకపై ఆరబెట్టుటచే కొంత ఇసుక సహజముగనే అంటుకొనెడిది. తూకము పెరుగుటకై కొంత కావలెననియే కలుపబడెడిది. సరకును నిప్పుపై వేసి, కాలిన పిమ్మట మిగిలిన ఇసుకను చూచి మోసము పట్టెడివారు. ప్లినీ చెప్పిన అగ్నిపరీక్ష పదునారు శతాబ్దుల పిదప కూడ సాగుచుండెను. ఇసుక కలిపినవాడు ఎందులకు కలిపినాడో మాత్రము ఆ లేఖలు అడుగలేదు. రైతు ముందుగా దాదనీ సొమ్ము పుచ్చుకొని, పంట చేతికి రాకమునుపే దానిని అమ్మివేసినవాడు. భూమిశిస్తు తప్పదు. ధర అతని చేతిలో లేదు. అతని చేతిలో మిగిలినది గుప్పెడు ఇసుక.

1630లో గుజరాతున వానలు లేకపోయెను. మరుసటి సంవత్సరము అతివృష్టి వచ్చి మిగిలిన దానిని చెరచెను. విక్రమశకము 1687వ సంవత్సరమున ఆరంభమగుటచే గుజరాతీలు దీనిని ‘సత్యాసియో’ కరవని పిలిచిరి. 1630 నవంబరులో సూరతునుండి ఆగ్రాకు బయలుదేరిన ఆంగ్లేయుడు పీటరు మండీ దారి పొడుగున శవములను చూచుచు పోయినాడు. నేతవారు, అద్దకపువారు, చాకలివారు, నీలిచేయువారు చచ్చినవారు చావగా, బ్రతికినవారు దేశాంతరము పట్టిరి. కోఠీలకు గుడ్డయు లేదు, నీలియు లేదు. ఈ కరవు గాయము మానకమునుపే, 1633లో షాజహాను సామ్రాజ్యమునందలి నీలి నంతటిని కొను గుత్తహక్కును మనోహరదాసు అను వర్తకున కిచ్చెను. రైతు ఎవరికి అమ్మవలెనో, ఎంతకు అమ్మవలెనో ఆ ఒక్కడే నిర్ణయించును. ఆంగ్లేయులును డచ్చివారును పరస్పర వైరము మరచి, కొనుటకే నిరాకరింపవలెనని ఒడంబడిక చేసికొనిరి. బయానా ప్రాంతమున రైతులు కొన్నిచోట్ల తమ మొక్కలను తామే పెరికివైచిరి. 1635 నాటికి గుత్తహక్కు రద్దయ్యెను. కంపెనీల ఒడంబడికను చరిత్రకారులు విపులముగా వ్రాసిరి. పెరికివేసిన మొక్కలు ఒకటి రెండు వాక్యములకు మించలేదు. కాని నీలిచేయువారు తమంతట తాము పలికిన మాటగా చెప్పదగినది, ఆ కాలపు కాగితములలో ఇదియే.

ఈ సంక్షోభమునడుమ, 1633లో, సూరతు కోఠీకి అధ్యక్షుడై వచ్చినవాడు విలియం మెథవొల్డు. తెలుగు పాఠకులకు ఇతడు పరాయివాడు కాడు. 1618 నుండి 1622 వరకు ఇతడు మచిలీపట్టణమున కంపెనీ ప్రధానాధికారిగా నుండెను. గోలకొండ రాజ్యమును గూర్చి ఇతడు వ్రాసిన వృత్తాంతము 1626లో ముద్రితమైనది. కృష్ణాతీరపు అద్దకమును, దానికి ప్రాణమైన చిరివేరు ఎరుపును అందు ఇతడు ప్రశంసించినాడు. పడమటి తీరమున కరవు వచ్చినపుడెల్లను కోఠీలవారు తూర్పుతీరమువైపు చూచుట ఆ శతాబ్దిలో పరిపాటి యయ్యెను. మెథవొల్డు జీవితము ఆ రెండు తీరములను కలిపిన దారము వంటిది.

తెలుగునేలకును తన నీలి కలదు. మచిలీపట్టణమునందలి డచ్చివారు లోతట్టున, నేటి ఖమ్మము జిల్లాలోని నాగులవంచయందు కోఠీ పెట్టి, గుడ్డతోపాటు నీలిని కొనిరి. కలంకారీ పనివాడు నీలము ఉండరాని తావుల నెల్ల మైనముతో కప్పి, గుడ్డను నీలితొట్టిలో ముంచి, పిమ్మట వేడినీట మైనమును కరగించి తీసెడివాడు. పారశీకమునకును ఐరోపాకును పోయిన తెరలపై పూలు ఎరుపైనచో చిరివేరుది, నీలమైనచో అవిరిది. పందొమ్మిదవ శతాబ్దిలో కడప నీలి విదేశపు విపణులలో ‘కర్పా’ అను పేర ప్రసిద్ధి కెక్కినది. బంగాళమున పచ్చి ఆకును పులియబెట్టగా, ఇచట ఎండిన ఆకునుండి రంగు తీయు పద్ధతి విరివిగా నుండెను. పదునెనిమిదవ శతాబ్ది చివర సామర్లకోటలో నున్న వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్సుబరో అంకుడు చెట్టు ఆకునుండియు నీలిరంగు వచ్చునని పరీక్షించి ప్రకటించెను. ఏటికొప్పాక బొమ్మలు ఆ అంకుడు కర్రతోనే చేయబడును.

సూరతు నీలివర్తకము క్షీణించుటకు కరవు ఒక్కటియే కారణము కాదు. పదునేడవ శతాబ్ది గడచుకొలది వెస్టిండీసు దీవులలోను మధ్య అమెరికాలోను నీలితోటలు వెలసెను. ఆ దీవులలో పని చేసినవారు ఆఫ్రికానుండి బలవంతముగా తేబడిన బానిసలు. ఆఫ్రికా పశ్చిమతీరమున ఆ బానిసలను కొనుటకు ఐరోపావర్తకులు ఇచ్చిన వస్తువులలో గుజరాతున నేసి నీలి అద్దిన బాఫ్తా గుడ్డలు కూడ ఉండెను. సూరతు ఓడలు మోసికొనిపోయిన నీలిగుడ్డ మనుష్యులను కొన్నది. ఆ మనుష్యులు పండించిన నీలి సూరతు నీలిని విపణినుండి వెడలగొట్టినది. 1664లోను 1670లోను శివాజీ సూరతును కొల్లగొట్టెను. 1687లో ఆంగ్లేయులు తమ ముఖ్యస్థానమును బొంబాయికి మార్చిరి. సర్ఖేజు ముద్దలకొరకు ఓడలు కాచుకొను దినములు గతించెను.

పదునెనిమిదవ శతాబ్ది చివర అమెరికా స్వతంత్రమై, వెస్టిండీసునందలి సాన్ డొమింగోలో బానిసలు 1791లో తిరుగబడిన పిమ్మట, నీలికై కంపెనీ మరల ఈ దేశమువైపు చూచెను. ఈసారి అది సూరతున కొనువాడుగా గాక, బంగాళమున ఏలువాడుగా చూచెను. దొరల నీలికోఠీలు పల్లెలలో వెలసెను. దాదనీ అను ఆ పాత మాటయే ఇచట ఉరిత్రాడయ్యెను. ఒకమారు ముందస్తు పుచ్చుకొన్న రైతు బాకీ తీరదు. వరి పండు మడిలో నీలి వేయవలెను. కాదన్నవానికి కొట్లు, కొరడాలు. 1859లో రైతులు నీలి విత్తమని తిరుగబడిరి. 1860లో ప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. ఆ యేడే ఢాకాలో ‘నీలదర్పణ’ మను వంగనాటకము కర్త పేరు లేకయే వెలువడెను. దాని కర్త దీనబంధు మిత్ర తపాలాశాఖ ఉద్యోగి. ఉద్యోగధర్మముచే పల్లెలు తిరిగి రైతుల బాధను కన్నులార చూచినవాడు. 1861లో దాని ఆంగ్లానువాదమును ప్రకటించినందులకు జేమ్సు లాంగు అను క్రైస్తవ మతబోధకునకు నెలదినముల కారాగారము, వేయి రూపాయల జరిమానా విధింపబడెను. ఆ జరిమానాను ‘మహాభారత’మును వంగభాషలోనికి తెచ్చిన కాళీప్రసన్న సింహుడు చెల్లించెను. 1872లో కలకత్తాలో నేషనల్ థియేటరు ఈ నాటకముతోనే ప్రారంభమయ్యెను.

సాహిత్యదర్పణమునుండి నీలదర్పణమునకు గల దూరమే ఈ చరిత్రకు కీలకము. రెండింటి పేరునను అద్దమే కలదు. మొదటి అద్దమున నీలి ప్రేమకు ఉపమానమై కనబడినది. రెండవ అద్దమున ఆ నీలిని పండించినవాని ముఖము కనబడినది. మొదటిది లేనిచో రసికునకు లోటు. రెండవది లేనిచో మనుష్యునకు లోటు. కోఠీల కవిలెకట్టలు రెండు శతాబ్దులుగా చేయని పనిని ఒక నాటకము చేసినది. కళగా అందు లోపములు లేకపోలేదు. విమర్శకులు వానిని ఎత్తి చూపిరి. అయినను నీలి చరిత్రలో కొనువాని గొంతు కాక చేయువాని గొంతు అంత గట్టిగా వినిపించినది అదియే మొదలు.

రంగు తీయు రహస్యము అంతలో రసాయనశాలకు చేరెను. జర్మను శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయరు 1880లో నీలిని కృత్రిమముగా తయారుచేసి, 1883లో దాని అణునిర్మాణమును నిర్ణయించెను. 1905లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. 1897లో జర్మనీయందలి బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ కృత్రిమ నీలిని విపణిలోనికి తెచ్చెను. ఆ యేట సుమారు 19,000 టన్నులుగా నున్న సహజనీలి ఉత్పత్తి 1914 నాటికి సుమారు 1,000 టన్నులకు దిగిపోయెను. ఈ మార్పు రైతును వెంటనే విముక్తుని చేయలేదు. బీహారులోని చంపారనులో ఇరువది కట్టాల భూమికి మూడు కట్టాలలో నీలి వేయవలెనను ‘తీన్‌కఠియా’ నిర్బంధముండెను. నీలికి ధర పడిపోగా దొరలు ఆ నిర్బంధమునుండి విడుదల చేయుటకే శరహబేషీ యను పేర శిస్తు పెంచిరి. తావాన్ అను పేర రొక్కము గుంజిరి. యుద్ధకాలమున జర్మను నీలి రాక ఆగిపోగా మరల నీలి విత్తుడని ఒత్తిడి చేసిరి. రాజకుమార శుక్లా పిలుపుపై 1917లో గాంధీ చంపారనునకు పోయి రైతుల వాఙ్మూలములను వేలకొలది వ్రాయించెను. 1918లో శాసనము తీన్‌కఠియాను రద్దుచేసెను. ఒకప్పుడు నీలితో ఓడలు నింపిన గుజరాతు గడ్డపై పుట్టినవాడు నీలిచెర విడిపించుటకు పోవుట చరిత్ర చూపిన ఒక చిత్రము. పోయిన వెంటనే అతడు చేయించిన పని, రైతు చెప్పినదానిని రైతు మాటలలో కాగితమున పెట్టించుట.

నేటి సూరతు మరల వస్త్రనగరము. కాని అచటి మగ్గములపై నేయబడునది ఎక్కువగా కృత్రిమపు నార. పాండేసరా మొదలగు తావులలోని అద్దకపు మిల్లులు వాడునవి వేరు రసాయన రంగులు. నూలునకు ప్రాణమైన నీలి పాలియెస్టరుకు సామాన్యముగా పట్టదు. ఆ మరమగ్గముల నడుమ తెలుగు వినబడును. తెలంగాణపు పల్లెలలో చేతిమగ్గము కూడు పెట్టలేని దినములలో పద్మశాలి కుటుంబములు వేలకొలది సూరతునకు వలసపోయినవి. వారి పిల్లలకొరకు సూరతు నగరపాలకసంస్థ తెలుగు పాఠశాలలను నడపినది. సూరతునుండి తెలుగు అంగళ్ళకు వచ్చు నీలిరంగు చీరలలో తెలుగు చేతులు నేసినవియు గలవు.

ఇంటింట ‘నీలిమందు’ అను మాట మాత్రము నిలిచియున్నది. తెల్లబట్టలు ఉతికిన పిదప నీట కలుపు పొడికి ఆ పేరు. ఆ పొడి అవిరి ఆకునుండి వచ్చినది కాదు. 1820వ దశాబ్దిలో ఫ్రాన్సున కనిపెట్టబడిన కృత్రిమపు అల్ట్రామెరీను జాతికి చెందినది. పేరు నిలిచినది, వస్తువు మారినది. అబద్ధపు మాటలను నీలివార్తలనుటయు తెలుగున కలదు. అసలైన నీలి నేడు ప్రపంచమున ఎక్కువగా జీనుగుడ్డలలో కలదు. అదియు రసాయనశాలలో పుట్టినదే. అవిరి ఆకు పొడి తలవెండ్రుకల రంగునకును, తైలములకును వాడబడుచున్నది. సహజపు రంగులపై మక్కువ గలవారు కొందరు తొట్లను మరల పులియబెట్టుచున్నారు.

అలంకారికుడు చెప్పినట్లు నీలి అంతగా మెరయదు, వెలియదు. ఫుస్తాతు దిబ్బలోని గుడ్డపై ఆ రంగు శతాబ్దులు నిలిచినది. దానిని చిలికిన చేతి గుర్తు మాత్రము ఏ లేఖయందును నిలువలేదు. గుడ్డ తన పనిని తాను చేసినది. నిలుపవలసిన మిగిలిన భాగము మాటది. సూరతు మరమగ్గముల నడుమ నేడు వినబడు తెలుగునకు ఆ పని యింకను మిగిలియున్నది.